యూదుల బాలవాఙ్మయము – మన కూనపులివారి పటము

జాతుల చరిత్రలు వ్రాయువారు రాజ్యములను, యుద్ధములను, దేవాలయములను వర్ణింతురు గాని, యా జాతివారు తమ పిల్లలకు రాత్రివేళ నేమి కథ చెప్పిరో విచారించుట యరుదు. మహాసభ సంచికకు కులచరిత్రమును గూర్చి యొక వ్యాసము వ్రాయుడని కార్యవర్గమువారు కోరినపుడు, మార్కండేయ మహర్షి వంశక్రమమును మఱల నొకసారి యేకరువు పెట్టుటకంటె, దేశదేశములకు జెదరిపోయియు దన్ను దాను మఱవని యొక చిన్న జాతి తన బాలురకై కూర్చుకొన్న వాఙ్మయమును పరిశీలించుట మేలని మాకు దోచినది. ఆ జాతి యూదులు. మంచిర్యాల పద్మశాలీలకు యూదులతో నేమి పని యని చదువరులు నవ్వవచ్చును. బ్రతుకుదెరువు వెదకికొనుచు షోలాపురమునకు, బొంబాయికి, భివండికి, సూరతునకు జెదరిపోయిన కులమునకు వారి కథ యంత దూరపుది కాదని మా విన్నపము.

పైగా యూదులు మనదేశమున లేనివారును గారు. కొంకణతీరమున నవగాఁవ్ వద్ద నోడ మునిగి ప్రాణములతో బయటపడిన యేడు జంటల సంతతివారమని చెప్పుకొను బెనె ఇస్రాయేలులు తరతరములు గానుగ యాడించి బ్రతికిరి. శనివారము పని మానుదురు గనుక వారిని ఇరుగుపొరుగువారు ‘శనివార్ తేలీ’ లనిరి. తేలి యనగా మన తెలుగున గాండ్ల. అనగా మనదేశమునకు వచ్చిన యూదుడును గులవృత్తితోనే పిలువబడెను! వారు తమ పండుగ పుస్తకమును మరాఠీ యనువాదముతో 1846లో బొంబాయియందును, 1874లో పూనాయందును ముద్రించుకొనిరి. పూనా ప్రతిలోని యొక బొమ్మలో స్త్రీలు చీరలు గట్టుకొని పండుగ రొట్టెలు చేయుచుందురు. పరదేశపు గథలోని తల్లికి దన తల్లి కట్టే యుండుట చూచిన పిల్లవాడు ఆ కథను పరాయిదనుకొనునా?

ఇంక మన తెలుగుగడ్డమీదనే గుంటూరు మండలమున చేబ్రోలు సమీపమందలి కొత్తరెడ్డిపాలెమున గొన్ని మాదిగ కుటుంబములు, తాము ఎఫ్రాయీము గోత్రపు ఇస్రాయేలీయులమని చెప్పుకొనుచు, 1991లో బ్రార్థనామందిరము నెలకొల్పుకొనినవి. తెలుగు మాతృభాషగా గల పిల్లలు అచ్చట హీబ్రూ ప్రార్థనలు నేర్చుచున్నారు. వారి వంశవాదము నెల్లరంగీకరింపరు. ఆ తగవు మనకు వలదు. పెద్దలొక కథను దమదిగా జేసికొనదలచినపుడు మొట్టమొదట బిల్లల నోటికే యందించిరన్నది మాత్రము గమనింపదగినది.

ఆ పండుగ పుస్తకము పేరు హగ్గాద. ఐగుప్తదేశమున ఫరో రాజు క్రింద వెట్టిచాకిరి చేసి, యందుండి విడిపడిన పూర్వుల వృత్తాంతమది. పాస్కా పండుగనాటి రాత్రి యింటిల్లిపాది భోజనపు బల్లచుట్టు గూర్చుండి దానిని జదువుదురు. అందు ముఖ్యపాత్ర యింటి పెద్దది గాదు. అందరిలో జిన్నవాడు లేచి, ఈ రాత్రి తక్కిన రాత్రులవలె నేల లేదని యడుగవలెను. వాడడిగిన పిమ్మటనే తండ్రి కథ యారంభించును. ఇంచుమించు 1800 ఏండ్ల క్రిందట గూర్పబడిన మిష్నా యను ధర్మగ్రంథముననే యీ పద్ధతి కనబడుచున్నది. తెలివిగలవాడు, ఎదురు మాటాడువాడు, అమాయకుడు, అడుగనైన దెలియనివాడు అని నలుగురు కొడుకులను జెప్పి, యెవనికెట్లు చెప్పవలెనో తండ్రికి నేర్పిరి. ఎదురు మాటాడువాని కటువుగనే బదులు చెప్పుదురు. అయినను వాని యడుగుటకు జోటిచ్చిరి. పిల్లలకు నిద్ర రాకుండుటకు వేయించిన గింజలు, కాయలు పంచవలెనని 1204లో గతించిన మైమోనిడీసు పండితుడు విధించెను. రొట్టెముక్క నొకదానిని దాచియుంచి, యది తిరిగి యిచ్చుటకు బిల్లలు బహుమానము బేరమాడుటయు గలదు. పేలాలు పంచి కథ వినిపించు నుపాయము మన ముసలమ్మ లెఱుగనిది కాదు. వారు దానిని శాస్త్రమున జేర్చిరి, మనము చేర్చలేదు, అంతియే భేదము.

రాత్రి కడపట నొక గొలుసు పాట పాడుదురు. 1590లో బ్రాగు నగరమున ముద్రితమైన హగ్గాదలో నది కనబడును. తండ్రి రెండు కాసులకు గొనిన మేకపిల్లను పిల్లి తినును. పిల్లిని కుక్క కఱచును. కుక్కను కఱ్ఱ కొట్టును. కఱ్ఱను నిప్పు కాల్చును. నిప్పును నీరు చల్లార్చును. నీటిని ఎద్దు త్రాగును. ఎద్దును కసాయి కోయును. కసాయిని మృత్యుదూత కొనిపోవును. ఆ దూతను దేవుడు శిక్షించును. ఇది చదివినప్పుడు మాకు మన యేడు చేపల కథ జ్ఞప్తికి వచ్చినది. ఎండని చేప గడ్డిమోపును జూపును, మోపు ఆవును జూపును, అట్లట్లు పోయి తుదకు తప్పు చీమపుట్టకడ దేలును. మన చీమ, తన బంగారు పుట్టలో వ్రేలుపెట్టినచో గుట్టనా యని నవ్వించి కథ ముగించును. ఎచ్చట నిలిచినను దరుమబడిన జాతి పిల్లలకట్టి నవ్వు చాలలేదు. ఒకనిని మించిన బలవంతుడొకడు వచ్చుచునే యుండుననియు, అందరిమీదను న్యాయకర్త యున్నాడనియు వారు పాటలో గూర్చుకొనిరి. ఆ జంతువులు యూదులనేలి గతించిన రాజ్యములని వ్యాఖ్యానించిన పండితులును గలరు.

అచ్చుపుస్తకముల చరిత్ర నిట సంగ్రహముగ జెప్పెదము. యూదుల యింటిభాషయగు ఇడ్డిషున ‘మాయ్సె బుఖ్’ అను కథాసంపుటము 1602లో బాసెలు పట్టణమున వెలువడెను. పండితుల హీబ్రూ రాని తల్లులును బిల్లలును దానిచే గథలెఱిగిరి. 1779లో బెర్లినున డేవిడ్ ఫ్రీడ్లెండరు యూద బాలుర పాఠశాలకై జర్మను భాషలో నొక వాచకము కూర్చెను. అక్షరమాలతోపాటు నీతికథలు, మతధర్మములు నందుండుటచే, మన పెద్దబాలశిక్షకు దానిని జ్ఞాతి యనవచ్చును. 1901లో హీబ్రూ భాషలో బిల్లల వారపత్రిక ‘ఓలామ్ కాతాన్’ పుట్టినది. చిన్నలోకమని దాని యర్థము.

వార్సా నగరపు వైద్యుడు యానుష్ కోర్చాకు మాత్రము సంగ్రహముగ జెప్పదగినవాడు కాడు. ఆయన 1912 మొదలు క్రోఖ్మాల్నా వీథిలోని యూద అనాథశాలను నడపెను. 1926 అక్టోబరు 9న ‘మావీ ప్షెగ్లోంద్’ (చిన్న సమీక్ష) అను వార్తాపత్రికను స్థాపించెను. పెద్దలు పిల్లలకై వ్రాసినది కాదది. ఊరూర నుండి పిల్లలే వ్రాసి పంపిన యుత్తరములు, వార్తలు, ఫిర్యాదులు నందు బడుచుండెను. బడిలో జరిగిన యన్యాయము, తోబుట్టువులతో జగడము, కొత్త చెప్పుల సంతోషము నచ్చుకెక్కదగినవేయని యాయన మతము. యూదుల దినపత్రికకు వారమునకొకమారు అనుబంధముగ వెలువడుచు, జర్మనులు పోలండుపై బడిన 1939 సెప్టెంబరు 1వ తేదీనాడు సయితము వెలువడి, యంతటితో నాగిపోయెను.

తరువాత నాజీలు యూదులను వార్సాలో గోడలు గట్టిన పేటలో నిర్బంధించిరి. అనాథశాలయు నందులోనికే చేరెను. ఆకలి, జబ్బు, చావు నిత్యమైన యా చోట కోర్చాకు తన పిల్లలచే 1942 జులై 18న నొక నాటకమాడించెను. అది మన రవీంద్రనాథ ఠాకూరు రచించిన ‘పోస్టాఫీసు’. గది విడిచి బయటికి బోగూడని రోగియైన బాలుడు అమలుడు కిటికీకడ గూర్చుండి, దారిన బోవు పెరుగువానిని, కావలివానిని, పూలపిల్లను బలుకరించుచు, రాజుగారి యుత్తరమునకై యెదురుచూచును. నాలుగు దినములకు పేటలోనివారిని దరలించుట మొదలైనది. ఆగస్టు మొదటివారమున నించుమించు 200 మంది పిల్లలతో కోర్చాకును ట్రెబ్లింకా వధ్యస్థానమునకు గొనిపోబడెను. తానొక్కడు తప్పించుకొను నవకాశము వచ్చినను బిల్లలను విడువలేదు. వంగదేశమున బుట్టిన నాటక మా పిల్లలకు జివరి వాఙ్మయమగుటను దలచినపుడు, బాలసాహిత్యమును వేడుకవస్తువుగ జూచు మన యలవాటు మాకు సిగ్గు గొల్పినది.

అమెరికాలోని యూదులు యేమి చేసిరో గూడ దాతలు వినవలెను. 1935లో బొటనవ్రేలంత బాలుడు కెటాంటాను కథలు, 1951లో సిడ్నీ టేలరు వ్రాసిన న్యూయార్కు యైదుగురు అక్కచెల్లెండ్ర కథయు బిల్లల చేతులకు వచ్చినవి. 2005లో హెరాల్డు గ్రిన్‌స్పూను అను ధనికుడు పీజే లైబ్రరీ యను సంస్థ స్థాపించి, యూద కుటుంబములలోని పిల్లలకు నెలనెల బుస్తకములు ఉచితముగ దపాలులో బంపు నేర్పాటు చేసెను. మన దాతలు కల్యాణమండపములు గట్టించుచున్నారు. మండపములు వలదని మేమనము. మా యింటి పెండ్లియు నట్టి మండపముననే జరిగినది. కాని యా గోడమీది చలువరాతిపై దాతల పేరులు చదువు పిల్లవానికి, తన తాత పేరును వృత్తియు జదువుకొను పుస్తకము మన సభలిచ్చినట్టు మాకు గానరాదు.

మనకు బాలవాఙ్మయమే లేదనుట తప్పు. కూనపులివారు మనకై చెప్పిన పటము కథ యేమి? చేర్యాల నకాషీలు మూరలకొలది గుడ్డపై గట్టిన రంగుల బొమ్మలను విప్పుచు, భావనాఋషి తామరనూలుతో దేవతలకు వస్త్రములు నేయుట, సూర్యుని కూతురు భద్రావతిని బరిణయమాడుట, పులి నెక్కి తిరుగుట వారు రాత్రుల తరబడి పాడిరి. గౌడులకు గౌడజెట్టివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, రజకులకు పటమువారు నట్లే. పటము ముందఱి వరుసలో నెప్పుడును గూర్చుండినది పిల్లలే. చదువు రాని యిండ్లలో నది పుస్తకము, బొమ్మ, నాటకము నన్నియు నయినది. పుట్టిన బిడ్డ కులమువాడగుట పెద్దల తీర్మానముచే గాదు, ఆ రాత్రి పులిబొమ్మ చూచి తల్లి యొడిలోనికి ముడుచుకొనుటచే జరిగెనని మేమందుము.

అయినను హగ్గాదకును మన పటమునకును నొక భేదము గలదు. పూర్వులు పడిన యవమానముతో మొదలిడి గౌరవముతో ముగింపవలెనని యూదుల నియమము. తాము బానిసల బిడ్డలమని చిన్నవానికి ముందు చెప్పుదురు. మన కథ ఋషితో మొదలై దేవతలతో ముగియును. నడుమ జరిగినది పటముపై లేదు. షోలాపురమునకు నడచిపోయినవారు లేరు. 1982 బొంబాయి మిల్లుల సమ్మెతో బని పోయి మూటలతో దిరిగివచ్చినవారు లేరు. సిరిసిల్ల మగ్గముల నడుమ నప్పులకు దాళలేక ప్రాణములు దీసికొన్నవారు లేరు. మంచిర్యాల, మందమఱ్ఱి, బెల్లంపల్లి, గోదావరిఖని ప్రాంతముల మనవారు మగ్గపు గుంట విడిచి సింగరేణి బాయి దిగిరి, అదియు లేదు. ఈ నేల సమీపముననే వాంకిడిలో 1915లో జన్మించిన కొండా లక్ష్మణ్ బాపూజీ చేనేత సహకారసంఘములకై పాటుపడిన వృత్తాంతమును మన పిల్ల లెఱుగుట విగ్రహమునకు దండ వేయు దినమందు మాత్రమే. ఋషి కథ మానవలెనని మా భావము కాదు. ఋషి కథ మాత్రమే విన్న పిల్లవానికి గర్వము వచ్చును. ఇంటిలోని తాత దగ్గు మాత్రము అర్థము గాదు.

కొన్నియేండ్ల క్రిందట నీ యూరి వాడయందే మేమొక పటము కథ వినుచుండగా, గని కార్మికుని కుమారుడొకడు, ఎనిమిదేండ్లవాడు, నడుమ లేచి, ‘మరి మా తాత మగ్గం ఏ బొమ్మల ఉన్నది?’ అని యడిగెను. పెద్దలు కసరి కూర్చుండబెట్టిరి. కథకుడు మాత్రము పాట నాపి, పటమును గొంత వెనుకకు జుట్టి, భావనాఋషి మగ్గమును వ్రేలితో జూపెను. వాడు దగ్గఱకు బోయి చూచి, అది కాదనెను.

ఆ బాలుని తాతగారిని మేము పిదప గలిసికొని, మగ్గము నమ్మినది యెన్నడు, ఎవరికి, ఎంతకు, బాయిలో మొదటి దినమెట్లుండెను అను సంగతులు వారి మాటలలోనే వ్రాసికొంటిమి. పండ్రెండు పుటలు వచ్చినవి. బొమ్మలకు నకాషీ చిత్రకారు నొకరిని బ్రార్థింపవలసియున్నది. ఇట్టి వృత్తాంతములు తమ యిండ్లలో గలవారు మహాసభ దినములయందే పెద్దలచే జెప్పించి కార్యాలయమున నిచ్చినచో, బిల్లలకు జదివి వినిపించి, వారడిగిన ప్రశ్నలను గూడ బుటల యంచున వ్రాసి యుంచుటకు మేము సిద్ధముగ నున్నాము.