రంగులకు అంకెలు వచ్చిన కథ

అనంతపురము మెట్టసీమలో బత్తలపల్లె యను నూరు కలదు. ఏటి సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే అయిన ఈ పీఠభూమిపై చూపు సాగినంత మేర కానవచ్చునవి ఎఱ్ఱనేల, గుండ్లు, వానకై ఎదురుచూచు చేలు. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినపుడు ఈ ప్రాంతము అందులో చేరినది. ప్రకృతి రంగులను ఇంత పొదుపుగా వాడిన చోటనే మనుష్యులు రంగుల విషయమున మిక్కిలి ఉదారులైరి. పొరుగున ధర్మవరములో పట్టుమగ్గములు; ఆ దాపున నిమ్మలకుంటలో తోలుబొమ్మలు; దక్షిణముగా లేపాక్షి వీరభద్రాలయపు కప్పుపై పదునాఱవ శతాబ్దపు చిత్రములు. ఈ సీమలో పాఱు ఏటికి సైతము చిత్రావతి యని పేరు.

పట్టుచీర కొనువారు ఒకప్పుడు మగ్గము కడకో, అంగడికో పోయి, గుడ్డను వెలుతురులోనికి తెచ్చి, మడత విప్పి చూచి కొనెడివారు. నేడు పెక్కుమంది ఇంటనే కూర్చుండి ఫోను తెరపై చూచి కోరుకొనుచున్నారు. ఇల్లు చేరిన చీర తెరపై చూచిన రంగు కాదని తోచినచో అది తిరిగి వచ్చును. దినముల తరబడి మగ్గమున కూర్చుండి నేసిన పని ఒక్క మాటతో నిలిచిపోవును. ఈ తగవులో మోసగించినవా రెవ్వరును లేకపోవచ్చును. నేతగాడు నిజమే చెప్పెను. ఫోను కూడ తనకు తెలిసిన నిజమే చూపెను. ఆ రెంటికి నడుమ నున్న ఎడము ఎట్లు కలిగినదో గ్రహింపవలెనన్న, రంగు అంకెగా మాఱిన చరిత్రను మనము కొంత తెలిసికొనవలెను.

రంగును మార్చు విద్య మన అద్దకమువారికి క్రొత్త కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ రసమున తడిపి ఆరవేసిన గుడ్డపై, ఇనుపముక్కలును బెల్లమును పులియబెట్టిన నీటితో గీత గీచిన అది నల్లనగును. పటిక నీరు పూసిన చోట చిరివేరుతో కాచిన ఎఱ్ఱనగును. నీలిమందు తొట్టినుండి తీసిన నూలు మొదట పసుపుపచ్చగా నుండి, గాలి సోకిన కొలది నీలమగును. ఇచ్చట సూత్రము పదార్థములో నున్నది. కొలత అద్దకమువాని కంటిలో నున్నది. 1868లో జర్మనీ దేశమున గ్రేబే, లీబర్మన్ అను రసాయనికులు మంజిష్ఠ ఎఱుపునకు మూలమైన అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసిరి. 1897లో కృత్రిమమైన నీలిమందు అంగడికి వచ్చినది. నాటినుండి రంగు వేరులోను ఆకులోను గాక డబ్బాలో వచ్చుటయు, తూకముతో కలుపబడుటయు ఆరంభమయ్యెను.

రంగును తూచుట వేరు, రంగునే లెక్కించుట వేరు. ఈ రెండవ పనికి దారి చూపినది వెలుగును గూర్చిన శాస్త్రము. న్యూటను 1704లో ప్రకటించిన తన గ్రంథమున రంగులను ఒక చక్రముగా అమర్చెను. 1801లో థామస్ యంగ్ అను ఆంగ్లేయుడు, కంటిలో మూడు విధములైన గ్రాహకము లున్న చాలును, సకలవర్ణములను గుర్తింపవచ్చునని ఊహించెను. ఫ్రాన్సులో 1824లో గోబెలిన్ నేతశాల అద్దకమునకు అధికారియైన షెవ్రల్‌కు, నల్లరంగు చాలినంత నల్లగా లేదను ఫిర్యాదు వచ్చెను. ఆయన పరీక్షించి, తప్పు రంగుది కాదనియు, ప్రక్కనున్న దారము దానిని అట్లు కనబఱచుచున్నదనియు తేల్చెను. నేతపని నుండి పుట్టిన ఈ సత్యముపై ఆయన 1839లో ఒక పెద్ద గ్రంథము వెలువరించెను.

పిదప మాక్స్‌వెల్ 1861లో లండనునందలి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఒక ప్రదర్శన చేసెను. గళ్ల రిబ్బనొకదానిని ఎఱుపు, ఆకుపచ్చ, నీలము వడపోతలగుండ మూడు మాఱులు ఫోటో తీయించి, ఆ మూడు బొమ్మలను అవే రంగుల వెలుగులతో ఒకే తెరపై పడవేసెను. రిబ్బను రంగులతో కనబడెను. అయితే నాటి ఫోటో పలకకు ఎఱుపును గ్రహించు శక్తి లేదు! ఆ ఎఱ్ఱ అద్దకము కంటికి కనబడని అతినీలలోహిత కిరణములను కూడ ప్రతిఫలింపజేసినందున ప్రయోగము నెగ్గినదని నూఱేండ్ల తరువాత, 1961లో తెలియవచ్చెను. బట్టపై రంగును కన్నొక విధముగా, కెమెరా మఱియొక విధముగా చూచునను పాఠము మొదటి బొమ్మలోనే కలదు.

1931లో అంతర్జాతీయ దీపన సంఘము సామాన్యుని కంటిచూపును పట్టికలుగా ఏర్పఱచి, ప్రతి వర్ణమునకు మూడంకెల చిరునామా ఇచ్చెను. కంప్యూటరు తెరలకు ఉమ్మడి కొలతగా ఎస్.ఆర్.జీ.బీ. అను పద్ధతి 1996లో ప్రతిపాదింపబడి, 1999లో ప్రమాణమయ్యెను. మన ఫోను దీనినే ప్రధానముగా అనుసరించుచున్నది. ఎఱుపు, ఆకుపచ్చ, నీలము ఒక్కొక్కటి 0 నుండి 255 వఱకు. కలిసి 1,67,77,216 రంగులు. నాలుగవ అంకె పారదర్శకతకు. దీనిని ఆండ్రాయిడ్ కోడు ముందు వ్రాయును, వెబ్ పుటలు చివర వ్రాయును. ఈ భేద మెఱుగక ఒకచోటి అంకెను మఱియొకచోట దించిన, ఒక రంగు వేఱొక రంగై కూర్చుండును.

చీర అంచు రంగును మార్చి చూపు యాప్‌కు ఈ మూడంకెలు సౌకర్యముగా నుండవు. అందుచే 1978లో ఆల్వీ రే స్మిత్ వర్ణము, గాఢత, ప్రకాశము అను మూడు కొలతలలోనికి వీనిని మార్చు లెక్కను ప్రకటించెను. అందు వర్ణము చక్రముపై కోణము: ఎఱుపు 0, ఆకుపచ్చ 120, నీలము 240 డిగ్రీలు. కోణమును త్రిప్పిన రంగు మాఱును, గాఢత చెడదు. కాని ఈ లెక్క నిండు పసుపును, నిండు నీలమును సమప్రకాశములుగా నెంచును. కంటికి తోచు తేజస్సు తెల్లదనమును 100 అనుకొన్న, పసుపునకు సుమారు 93, నీలమునకు 7 మాత్రమే. నల్లని చీరపై నీలపు అక్షరములు చదువరాకుండుట ఇందువలననే.

ఇంకొక చిక్కు కలదు. ఫోనులో వ్రాయబడు అంకె వెలుగు కొలత కాదు. చీకటి ఛాయలలోని సూక్ష్మభేదములను కన్ను బాగుగా పట్టును గనుక, అంకెలు ఆ వైపున దట్టముగా పంచబడినవి. 255లో సగమని 128 వ్రాసిన, వచ్చు వెలుగు ఇంచుమించు 22 పాళ్లే. సగము వెలుగు కావలెనన్న 188 వ్రాయవలెను. ఎఱ్ఱ పడుగు, పచ్చ పేక కలిసిన బట్టకు సగటు కట్టుచో, తెలియని కోడు 128, 128, 0 అని మసకరంగు చూపును. మొదట అంకెలను వెలుగుగా మార్చి, కలిపి, తిరిగి అంకెలుగా మార్చిన 188, 188, 0 వచ్చును. కన్ను కలుపునది వెలుగునే కాని అంకెలను కాదు.

ఇన్ని సవరించినను ఒక భేదము మిగులును. నిమ్మలకుంట తోలుబొమ్మ వెనుక దీపమున్నది; రంగు తోలుగుండ వెలిగి మనకు చేరును. ఈ కళకే దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. ఫోను తెర ఆ బొమ్మ జాతిది: తన వెలుగు తనదే. పట్టుచీర అట్టిది కాదు. పగటి వెలుతురులో ఒకటిగను, పెండ్లిపందిరి దీపములలో ఒకటిగను కనబడును. అందునను ధర్మవరపు మయూరకంఠి చీర పడుగొక రంగు, పేకొక రంగు. నిలువున చూచిన నీలము, మడత పడిన పచ్చ. మూడంకెలు ఒక చోటినుండి, ఒక వెలుతురులో చూచిన ఒక్క రంగునే చెప్పగలవు. అది అంకెల దోషము కాదు. వానిని పుట్టించినవారు అంతకుమించి వాగ్దానము చేయలేదు.

కాబట్టి చీరను తెరపై అమ్మువారు పగటి నీడలో ఒక బొమ్మ, మడత విఱిచి మఱియొక బొమ్మ తీయుట మేలు. పడుగు రంగు, పేక రంగు విడివిడిగా వ్రాయుట మఱింత మేలు. వీలైనచో నాలుగు దారపుపోగులను టపాలో పంపుట అన్నిటికన్న మేలు. కొనువారు సైతము చీరను త్రిప్పి పంపుటకు మునుపు ఒక్కమాఱు కిటికీ కడకు తీసికొనిపోయి, మడత విప్పి చూడవలెను. మన పెద్దలు అంగడిలో చేసిన పని అదియే. ఆ నిమిషము కాలము, ఈ మెట్టసీమలో ఒక మగ్గమునకు ఎన్ని దినముల కూలియో మనము లెక్కింపదగును.