డిగ్రీ మధ్యలో ఏడాది కొలువు

బ్రిటన్‌లో మార్కెటింగ్ చదివే పిల్లల్లో కొందరు రెండో ఏడాది పరీక్షలు రాశాక మళ్లీ క్లాసులో కనిపించేది పద్నాలుగు, పదిహేను నెలల తర్వాతే. ఈలోగా ఏ బిస్కెట్ల కంపెనీలోనో, మందుల కంపెనీలోనో, సాఫ్ట్‌వేర్ సంస్థలోనో ఏడాది పాటు ఉద్యోగం చేస్తారు. తిరిగొచ్చి చివరి ఏడాది చదువుతారు. దాన్నక్కడ ప్లేస్‌మెంట్ ఇయర్ అంటారు. అలాంటి డిగ్రీకి శాండ్‌విచ్ కోర్సని పాత పేరు. మన కాలేజీల్లో చదువు చివర జరిగే ప్లేస్‌మెంట్లు వేరు, ఇది వేరు.

సబ్బులూ బిస్కెట్లూ అమ్మడం నేర్పడానికి మొదలైన పద్ధతి కాదిది. ఓడలు కట్టేవాళ్ల దగ్గర మొదలైంది.

ఈశాన్య ఇంగ్లండ్‌లో వియర్ నది ఒడ్డున ఉన్న సండర్లాండ్ ఆ రోజుల్లో ఓడల తయారీకి పేరుమోసిన ఊరు. అక్కడి టెక్నికల్ కాలేజీ 1903లో చుట్టుపక్కల ఇంజనీరింగ్ కంపెనీలతో ఒక ఏర్పాటు చేసుకుంది. అప్రెంటిస్ కుర్రాళ్లు ఏడాదిలో కొన్ని నెలలు కాలేజీలో లెక్కలూ యంత్రశాస్త్రమూ చదవాలి, మిగతా నెలలు యార్డులో చెమటోడ్చాలి. బ్రిటన్‌లో శాండ్‌విచ్ కోర్సుల చరిత్రను సాధారణంగా ఇక్కడి నుంచే లెక్కపెడతారు. మూడేళ్లకు అట్లాంటిక్ అవతల సిన్సినాటి యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ అనే ఇంజనీరింగ్ ఆచార్యుడు 27 మంది విద్యార్థులతో ఇలాంటిదే మొదలుపెట్టాడు. వాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టు క్లాసులో ఉన్న వారం రెండో జట్టును ఫ్యాక్టరీకి పంపేవాడు. అమెరికాలో, కెనడాలో కోఆప్ పేరుతో నేటికీ నడుస్తున్న చదువులకు మూలం అదే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసే నాటికి బ్రిటన్‌కు ఇంజనీర్ల కొరత గట్టిగా తగిలింది. 1945లో పెర్సీ కమిటీ ఆ సంగతి తేల్చి చెప్పింది. పదేళ్లకు సాంకేతిక విద్యలో కొత్త డిప్లొమా ఇవ్వడానికి ఒక జాతీయ మండలి ఏర్పడింది. దాని అధ్యక్షుడు లార్డ్ హైవ్స్. గ్యారేజీ పనితో జీవితం మొదలుపెట్టి రోల్స్ రాయిస్ సంస్థకు ఛైర్మన్ అయిన మనిషి. డిగ్రీతో సమానమని చెప్పిన ఆ డిప్లొమాకు ఫ్యాక్టరీలో గడపడాన్ని తప్పనిసరి చేశారు. చేత్తో పని చేయనివాడికి ఇంజనీరన్న పట్టా ఇవ్వకూడదన్న పట్టుదల అందులో కనిపిస్తుంది. 1956 తర్వాత ఉన్నత సాంకేతిక కళాశాలలుగా ఎంపికైన బ్రూనెల్, ఆస్టన్, సర్రే, లఫ్‌బరో, బ్రాడ్‌ఫోర్డ్ వంటివి ఈ పద్ధతికి నెలవులయ్యాయి. 1963 నాటి రాబిన్స్ నివేదిక సలహాతో ఈ ఐదూ 1966లో యూనివర్సిటీలయ్యాయి. పేరు మారినా పిల్లల్ని పనికి పంపే అలవాటు మానుకోలేదు.

మార్కెటింగ్ ఇందులోకి ఆలస్యంగా వచ్చింది. సరుకు అమ్మడం అనుభవంతో అబ్బే పనే తప్ప యూనివర్సిటీలో నేర్పే విద్య కాదన్న అభిప్రాయం బ్రిటన్‌లో బలంగా ఉండేది. వ్యాపార సంస్థలు మాత్రం అప్పటికే చాలా ముందుకెళ్లాయి. 1931లో ప్రోక్టర్ అండ్ గాంబుల్ ఉద్యోగి నీల్ మెకల్‌రాయ్ మూడు పేజీల లేఖ రాసి, ఒక్కో సబ్బుకు ఒక్కో మనిషి పూర్తి బాధ్యత వహించాలని వాదించాడు. నేటి బ్రాండ్ మేనేజర్ కొలువు ఆ లేఖతోనే రూపుదిద్దుకుంది. అంతకు ముందు ఏడాదే ఆ కంపెనీ న్యూకాజిల్‌లోని థామస్ హెడ్లీ సబ్బుల సంస్థను కొనుక్కుంది. శాండ్‌విచ్ చదువు పుట్టిన సండర్లాండ్‌కు న్యూకాజిల్ పక్క ఊరే. అయినా ఆ చదువూ మార్కెటింగూ ఒకచోట కలవడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది.

1964లో క్రిక్ కమిటీ వ్యాపార విద్యలోనూ డిగ్రీ స్థాయి కోర్సు కావాలంది. అప్పుడే ఏర్పడిన జాతీయ విద్యా పురస్కారాల మండలి కింద బిజినెస్ స్టడీస్ డిగ్రీలు మొదలయ్యాయి. ఇంజనీర్ల కోసం తయారైన అచ్చులోనే వీటినీ పోశారు: నాలుగేళ్ల చదువు, అందులో ఏడాది ఉద్యోగం. లాంకాస్టర్ యూనివర్సిటీలో బ్రిటన్‌లోనే తొలి మార్కెటింగ్ శాఖ వెలసిందీ ఆ రోజుల్లోనే. తర్వాత వచ్చిన పాలిటెక్నిక్‌లు ఈ డిగ్రీలను దేశమంతా వ్యాపింపజేశాయి. 1992లో అవి కూడా యూనివర్సిటీలయ్యాయి.

ఇంజనీరింగ్ నుంచి మార్కెటింగ్‌కు వచ్చిన ఈ మార్పులో ఒక పెద్ద తేడా దాగి ఉంది. ఓడల యార్డు అప్రెంటిస్ ముందు కంపెనీ మనిషి, తర్వాతే విద్యార్థి. కాలేజీకి పంపేది కంపెనీయే, చదువయ్యాక అతను తిరిగొచ్చేదీ అక్కడికే. మార్కెటింగ్ విద్యార్థి కాలేజీ మనిషి. తన చోటు తానే వెతుక్కోవాలి. రెండో ఏడాది మొదలైన దగ్గర నుంచి దరఖాస్తులు, ఇంటర్వ్యూలు, తిరస్కరణలు. ఇరవై ఏళ్లు నిండకముందే ఉద్యోగ వేటలోని చేదంతా రుచి చూస్తారు. ఏదీ దొరక్కపోతే ఏడాది ఉద్యోగం మాట వదిలేసి మూడేళ్ల డిగ్రీతో సరిపెట్టుకుంటారు.

దొరికినవాళ్లకు ఆ ఏడాది ఎలా ఉంటుంది? చాలా కంపెనీల్లో వేసవి చివర ఒక అప్పగింతతో మొదలవుతుంది. వెళ్లిపోతున్న విద్యార్థి, వచ్చిన విద్యార్థి కొద్ది రోజులు పక్కపక్కన కూర్చుంటారు. ఏ రిపోర్టు ఏ రోజుకు కావాలి, ప్రకటనల ఏజెన్సీలో ఎవరికి ఫోన్ చేయాలి, ప్యాకెట్ మీది అక్షరాలను అచ్చుకు పంపేముందు ఎన్నిసార్లు సరిచూడాలి, ఇవన్నీ పాతవాళ్లు కొత్తవాళ్లకు చెప్పి ఒక ఫైలు చేతిలో పెట్టి పోతారు. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని విద్య ఇలా ఏటేటా విద్యార్థి నుంచి విద్యార్థికి అందుతోంది. ఈ సంప్రదాయం మొత్తంలో ఎక్కువ మెచ్చుకోదగింది ఇదేననిపిస్తుంది.

మొదటి నెలల్లో పని చిన్నదే. వారం వారం అమ్మకాల అంకెలు పట్టికలో వేయడం, పోటీ కంపెనీల ధరలు చూసి రాయడం, ఎగ్జిబిషన్‌కు కరపత్రాలు చేర్చడం. క్రిస్మస్ అమ్మకాలు ముగిసే వేళకు చిన్న ప్రచారమొకటి వాళ్ల చేతికి వస్తుంది, దానికో బడ్జెట్టూ ఉంటుంది. యూనివర్సిటీ నుంచి అధ్యాపకులు ఏడాదిలో ఒకటి రెండుసార్లు పలకరిస్తారు. విద్యార్థి లాగ్‌బుక్ రాయాలి, చివర నివేదిక ఇవ్వాలి. అన్నిటికన్నా విలువైనది కాలం. శరదృతువులో వేసిన ప్రణాళిక వేసవికి ఏమైందో అంకెల్లో చూసే అవకాశం ఏడాది ఉన్నవాళ్లకే దక్కుతుంది. ఆరు వారాల ఇంటర్న్‌షిప్‌లో ప్రకటన తయారీ చూడొచ్చు గానీ, ఆ ప్రకటనతో సరుకు కదిలిందో లేదో తెలిసేలోపు ఇంటికి రావాల్సిందే. చివరి ఏడాదిలో ఇలాంటి విద్యార్థుల మార్కులు మెరుగ్గా ఉంటాయని పరిశోధనలు చెబుతున్నాయి. మొదటి నుంచీ బాగా చదివేవాళ్లకే ప్లేస్‌మెంట్లు దొరుకుతాయి కదా అన్న ప్రశ్నా ఆ వెంటే ఉంది.

డబ్బు సంగతి దాచకూడదు. 1998 నాటి కనీస వేతన చట్టం కింద వచ్చిన నిబంధనలు, డిగ్రీలో భాగంగా ఏడాదికి మించకుండా పనిచేసే విద్యార్థులను మినహాయించాయి. పెద్ద కంపెనీలు మంచి జీతమే ఇస్తాయి. ఇవ్వకుండా పని చేయించుకున్నా మాత్రం చట్టం అడ్డుపడదు. పైగా యూనివర్సిటీ ఆ ఏడాదికీ ఫీజు తీసుకోవచ్చు, మామూలు ఫీజులో ఐదో వంతు వరకు. తల్లిదండ్రులు ఇంటద్దె కట్టగలిగిన పిల్లలకు జీతం లేని ఏడాది అనుభవమవుతుంది, కట్టలేని పిల్లలకు అదే మూసిన తలుపు. ఈ మినహాయింపును సమర్థించడం కష్టం. ఫీజులు పెరిగిన కాలంలో విద్యార్థుల్లో శాండ్‌విచ్ కోర్సులు చదివేవాళ్ల వాటా కూడా తగ్గింది. 2002-03లో 9.5 శాతంగా ఉన్నది 2009-10కి 7.2 శాతానికి పడిపోయిందని 2012లో సర్ టిమ్ విల్సన్ సమీక్ష ఆందోళన చెందింది.

హైదరాబాద్, విజయవాడల నుంచి బ్రిటన్ వెళ్లే తెలుగు విద్యార్థులకు ఈ పద్ధతి ఇప్పుడు ఎంఎస్సీ రూపంలో ఎదురవుతోంది. ఏడాది చదువు, ఏడాది ప్లేస్‌మెంట్ అని రెండేళ్ల కోర్సులున్నాయి. చాలాచోట్ల ప్లేస్‌మెంట్‌కు హామీ ఉండదు, సొంతంగా సంపాదించుకోవాలి. కన్సల్టెన్సీ గడప దాటకముందే అడిగి తేల్చుకోవాల్సిన సంగతిది.

మన దగ్గర 1973లో బిట్స్ పిలానీ ప్రాక్టీస్ స్కూల్ పేరుతో ఇంజనీరింగ్ పిల్లల్ని పరిశ్రమలకు పంపింది. మామూలు డిగ్రీ కాలేజీలకు ఆ ఆలోచన చేరింది 2020లో. ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది: రెండుసార్లు రెండేసి నెలలు, చివర ఒక సెమిస్టర్ నిండా ఆరు నెలలు. గుంటూరు బీకాం విద్యార్థి మిర్చి వ్యాపారంలో ఆ ఆరు నెలలు గడిపాడనుకుందాం. జనవరిలో చేరితే కొత్త పంట మిర్చి యార్డుకు రావడం, వేలంలో ధర పలకడం, టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీకి చేరడం, ఎండాకాలంలో యార్డుకు సెలవులివ్వడం చూస్తాడు. దాచిన సరుకు బయటికొచ్చి, దాచినందుకు లాభమో నష్టమో తేలేది ఆ తర్వాతి నెలల్లో. అప్పటికి అతని సెమిస్టర్ ముగిసిపోతుంది.