అన్నం వండిన

అఫ్జల్‌గంజ్‌లో మూసీ పక్కన, 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని ఎనభైల మొదట్లో ఎంగెల్స్‌ని చదువుకున్నాను. సొంత ఆస్తితోపాటే స్త్రీ లొంగుబాటు స్థిరపడిందని ఆయన 1884లో రాశాడు. ఇంకేముంది, ఆస్తి పోతే అదీ పోతుందనుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒకసారి మా పెద్దమ్మ నల్గొండ నుంచి వచ్చి, గౌలిగూడ బస్టాండులో దిగి, నాకోసం లైబ్రరీ మెట్ల మీద కూర్చుంది. సాయుధ పోరాటకాలంలో దళాలకు తిండి పెట్టిన ఇల్లు వాళ్ళది. "అప్పుడు నువ్వేం జేసినవ్ పెద్దమ్మా?" అని అడిగాను. "నేనేం జేసిన బిడ్డా, అన్నం వండిన" అంది. నేను నోటుబుక్కు మూసేశాను. వంట పోరాటం కాదని నాకెవరూ చెప్పలేదు. చదివినవాటిలో అది లేదు, అంతే.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. పోరాటంలో ఉన్న స్త్రీలను వెతికి పట్టుకుని, వాళ్ళ మాటల్లోనే చెప్పించిన పుస్తకం. అందులో కమలమ్మ దగ్గర ఆగిపోయాను. అజ్ఞాతంలో ఉండగా కన్నబిడ్డను వదులుకోవలసి వచ్చిన మనిషి ఆమె. పసివాడి ఏడుపు దళం జాడ చెప్పేస్తుంది. యుద్ధం లెక్కలో ఆ నిర్ణయం అర్థమవుతుంది. సిద్ధాంతం దాన్ని త్యాగం అంటుంది. ఆ మాటతో చర్చ ముగిసిపోతుంది. కమలమ్మ చెబుతుంటే ముగియదు. బిడ్డ ఎవరి బాధ్యత, తల్లి ఒక్కతేనా, ఉద్యమానిది కాదా అనే ప్రశ్నలు వరసగా లేస్తాయి. ఆస్తి సంబంధాలు మారితే చాలన్న నా తర్కంలో వీటికి జవాబు లేదు.

అలాగని అనుభవమే అన్నీ చెప్పేస్తుందని నేననను. (ఈ మధ్య మనలో ఆ ధోరణి కాస్త ఎక్కువైంది.) పెద్దమ్మ అనుభవం నా ముందే మెట్ల మీద కూర్చుంది, నాకు వినబడలేదు. కమలమ్మను అడగగలిగిన వాళ్ళకు స్త్రీవాదం అనే సిద్ధాంతం ఉంది. ఇంటి పనీ బిడ్డల పెంపకమూ చరిత్రేనన్న నమ్మకంతో వెళ్ళారు కాబట్టే ఆ ప్రశ్న వేయగలిగారు.

పుస్తకం చదివాక ఊరికి వెళ్ళి పెద్దమ్మని మళ్ళీ అడిగాను. ఈసారి ప్రశ్న మార్చాను. ఎంతమందికి వండేదానివి? బియ్యం ఎక్కడివి? అర్ధరాత్రి తలుపు ఎవరు తీసేవాళ్ళు?

"మీ పెదనాయన పండుకునేటోడు" అంది. "దర్వాజ నేనే తీసేది. పోలీసోళ్ళొచ్చినా నేనే తీసేది."