వెగటు, వేవిళ్లు, గత్తర: వాంతి ఉపశమన గృహవైద్యం – పదజాల, చారిత్రక పరిశీలన

ప్రవేశిక

1949లో వెలువడిన సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' కావ్యాలను ఆధారం చేసుకొని జనుల తిండి, బట్ట, ఆటపాటలు, నమ్మకాలను చరిత్ర పరిధిలోకి తెచ్చింది. ఆ మార్గంలో ఇంకా తగినంత పరిశీలన జరగని అంశాలలో వంటింటి వైద్యం ఒకటి. వైద్య గ్రంథాలు పండితుల పేర్లతో నిలిచాయి. జీలకర్ర వేయించి కషాయం కాచిన స్త్రీల పేర్లు ఎక్కడా నిలవలేదు. అయితే వారి అనుభవం భాషలో కొంత నిక్షిప్తమై ఉన్నది. కడుపులో వికారం, వాంతి అనే లక్షణాలకు తెలుగులో ఉన్న పదజాలాన్ని, వాటి ఉపశమనానికి వాడే గృహౌషధాలను కలిపి పరిశీలించి, ఆ జ్ఞానపు బలాన్నీ పరిమితినీ నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదజాలం – కారణ వివేచన

సంస్కృత వైద్య పరిభాషలో వాంతి రోగానికి 'ఛర్ది' అని, వాంతికి ముందు కలిగే వికారానికి 'హృల్లాసం' అని పేర్లు. 'వమనం' అనే మాట పంచకర్మలలో ఒకటిగా వైద్యుడు బుద్ధిపూర్వకంగా చేయించే వాంతికి రూఢమైంది. తెలుగు వాడుకలో కక్కు, డోకు, ఓకరింత అనేవి క్రియను తెలిపే మాటలు. వెగటు, పైత్యం, వేవిళ్లు, గత్తర అనేవి కారణాన్ని తెలిపే మాటలు. ఈ రెండవ వర్గమే గృహవైద్యానికి ముఖ్యం. తిండి మీద, వాసన మీద కలిగే విముఖత వెగటు. అజీర్ణంతో నోరు చేదెక్కి తల తిరగడం పైత్యం. గర్భిణికి తొలి నెలల్లో కలిగేవి వేవిళ్లు. వాంతులతో పాటు విరేచనాలై ప్రాణం మీదికి వచ్చేది తెలంగాణ వాడుకలో గత్తర, అనగా కలరా.

లక్షణం ఒకటే అయినా సందర్భాన్ని బట్టి ఇంటివారి స్పందన మారుతుంది. వేవిళ్లు శుభవార్త, గత్తర ఊరికి ఆపద. 'కక్కొచ్చినా కల్యాణమొచ్చినా ఆగదు' అనే సామెత వాంతిని అణచరాని శరీర ధర్మంగా గుర్తించింది. కనుకనే ఇంటి మందు వాంతిని బలవంతంగా ఆపడం కంటె, దానిని పుట్టించిన కారణాన్ని చల్లార్చడం మీద దృష్టి నిలిపింది.

శాస్త్ర గ్రంథాలతో సంబంధం

చరకసంహిత చికిత్సాస్థానంలో 20వ అధ్యాయం ఛర్ది చికిత్సకు సంబంధించినది. అందులో ఛర్ది ఐదు విధాలు: వాత, పిత్త, కఫ దోషాల వల్ల విడివిడిగా కలిగేవి మూడు, మూడు దోషాలు కలిసినప్పుడు కలిగేది ఒకటి, అసహ్యమైన వస్తువుల సంపర్కం వల్ల కలిగేది ఒకటి. ఈ ఐదవదే తెలుగులోని వెగటుకు దగ్గరి భావన. దీనికి ఆ గ్రంథం మనసుకు నచ్చే మాటలు, ఊరడింపు, మట్టి, పూలు, పుల్లని పండ్ల వంటి వాటి వాసనలు విధించింది. పేలాలతో చేసిన పానీయాలు పిత్తజ ఛర్దికి చెప్పబడ్డాయి.

ఈ పోలికను బట్టి గృహవైద్యమంతా గ్రంథాల నుండి దిగివచ్చిందని తీర్మానించడం సులభం. కాని చరకసంహిత సంకలన గ్రంథం. అందులో చేరిన పేలాలు, శొంఠి, ఉసిరిక, పుల్లని పండ్లు అంతకు ముందే ప్రజల ఆహారంలో ఉన్నవి. కనుక గ్రంథానికీ వంటింటికీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నదనడం సమంజసం. సంస్కృతంతో పాటు తెలుగును కూడా వాడుకొని 25 ప్రకరణాలుగా సాగిన 'బసవరాజీయం' ఈ రాకపోకలకు తెలుగునాట నిలిచిన సాక్ష్యం.

వేవిళ్లు – సాహిత్య సాక్ష్యం

చరకసంహిత శారీరస్థానం గర్భిణీ లక్షణాలలో వాంతిని, అరుచిని, పులుపు మీది కోరికను పేర్కొన్నది. కాళిదాసు రఘువంశం మూడవ సర్గలో గర్భవతియైన సుదక్షిణ ముఖం మట్టి వాసన వేయడం వర్ణితమైంది. గర్భిణి మన్ను తినడం, ముఖం పాలిపోవడం తర్వాతి కావ్యాలలో వర్ణనా సంప్రదాయంగా స్థిరపడి తెలుగు ప్రబంధాలకూ వచ్చింది. వైద్యగ్రంథం చెప్పిన మట్టి వాసన, పులుపు అనే రెండూ ఇక్కడ మళ్లీ ఎదురవుతాయి. అయితే కవులు దీనిని సౌందర్య లక్షణంగానే చూపారు. వేవిళ్లతో అన్నం సహించని స్త్రీ పడే బాధ ఆ వర్ణనలలో కానరాదు. చింతకాయ, ఉసిరికాయ, నిమ్మకాయ చేతికిచ్చి, కొద్దికొద్దిగా తినిపించే ఇంటి పెద్దల మెలకువ కావ్యానికి వెలుపలే మిగిలింది.

గర్భిణుల సంరక్షణ పూర్తిగా ఇంటికే పరిమితం కాలేదనడానికి శాసనాధారం ఉన్నది. కాకతి రుద్రమదేవి కాలానికి చెందిన 1261 నాటి మల్కాపుర శాసనం విశ్వేశ్వర శివాచార్యుల మఠానికి అనుబంధంగా ప్రసూతిశాల, ఆరోగ్యశాల నిర్వహణకు ఏర్పాటు చేసిన ఆదాయాన్ని తెలుపుతుంది. అయినా అటువంటి శాలలు కొద్దిచోట్లనే సాధ్యం. మిగిలిన పల్లెలకు ఇల్లే ఆరోగ్యశాల.

అల్లం, శొంఠి

'శొంఠి లేని కషాయం లేదు' అనే సామెత ఈ ఔషధపు వ్యాప్తిని తెలుపుతుంది. ఆరబెట్టుట, ఎండించుట అనే అర్థంగల ధాతువు నుండి 'శుంఠి', దాని నుండి తెలుగు 'శొంఠి' ఏర్పడ్డాయి. 'ఆర్ద్రకం' అంటే తడి కలది, పచ్చిది. 'అల్లం' ఈ మాటకు ప్రాకృతం ద్వారా వచ్చిన రూపమని భావించవచ్చు. ఒకే దుంపకు తడి, పొడి స్థితులను బట్టి రెండు పేర్లు ఉండటం వాటి గుణభేదాన్ని జనులు గుర్తించారనడానికి నిదర్శనం. ఆధునిక రసాయన శాస్త్రం ఈ భేదాన్ని సమర్థిస్తున్నది. పచ్చి అల్లంలోని జింజెరాల్ ఎండినప్పుడు కొంత షోగాల్‌గా మారుతుంది. 1982లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఒక పరిశోధన ప్రయాణపు వికారాన్ని అల్లం తగ్గించగలదని చూపింది.

ప్రయాణపు వికారం తెలంగాణ పల్లెలకు విస్తృతంగా పరిచయమైనది మోటారు వాహనాలతోనే. నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా విభాగం 1932లో 27 బస్సులతో మొదలైంది. 'బస్సు పడదు' అనే పలుకుబడి తర్వాతి కాలపు సృష్టి. కాని నిమ్మకాయను గుప్పిట పట్టుకొని వాసన చూడటం అనే ఉపాయం పులుపు వాసన గురించిన పాత ఎరుకకు కొత్త ప్రయోగం. గృహవైద్యం మార్పులేని సంప్రదాయం కాదనడానికి ఇది స్పష్టమైన ఉదాహరణ.

గత్తర – లంఖణపు పరిమితి

ఆమాశయం కలత చెందడం వల్లనే ఛర్ది పుడుతుంది గనుక, వాతజం తప్ప మిగిలిన వాటికి లంఖణమే ముందు చేయవలసినదని చరకసంహిత చెప్పింది. 'లంఖణం పరమౌషధం' అనే లోకోక్తి ఈ సూత్రాన్ని మినహాయింపులు లేకుండా సాధారణం చేసింది. అజీర్ణ వాంతికి ఈ సూత్రం మేలు చేస్తుంది. అదే సూత్రాన్ని గత్తరకు వర్తింపజేసి నీటిని కూడా నిలిపివేస్తే రోగి శరీరంలోని నీరు, లవణాలు తరిగి ప్రాణహాని కలుగుతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బన్‌గావ్ శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని కలరా రోగుల చేత తాగించి మరణాలను బాగా తగ్గించగలిగారు. తర్వాత బియ్యపు పిండితో చేసిన ద్రావణాలు కూడా పనిచేస్తాయని తేలింది. ఉప్పు వేసిన గంజి తెలుగు ఇంటిలో ఎప్పటినుండో ఉన్నదే. ఔషధం పొయ్యి మీదనే ఉండగా, సామెత దానిని దూరం పెట్టగల స్థితి ఇక్కడ ఏర్పడింది.

గంగారం – ఏజెన్సీ సందర్భం

ఈ చర్చ గతానికే పరిమితం కాదు. 2016లో ఏర్పడిన మహబూబాబాద్ జిల్లాలోని గంగారం మండలం కోయలు నివసించే ఏజెన్సీ ప్రాంతం. మేడారం జాతరకు పగిడిద్దరాజు కదలివచ్చే పూనుగొండ్ల ఈ మండలంలోనిదే. ఆ జాతరలో బెల్లాన్ని 'బంగారం' అని వ్యవహరిస్తారు. శొంఠికి తోడయ్యే బెల్లమే దేవతలకు మొక్కుబడి కావడం ఆహారం, ఔషధం, ఆరాధన వేర్వేరు గదులు కావని తెలుపుతుంది. అడవి పల్లెలలో వాగులు పొంగే వానాకాలమే కలుషిత నీటి వ్యాధుల కాలం. దవాఖానకు చేరేలోగా రోగిని నిలిపేది ఇంటిలోని గంజి, ఉప్పు, నీరే. కాబట్టి ఇక్కడ గృహవైద్యాన్ని మూఢత్వమని తోసివేయడమూ, సర్వరోగ నివారిణి అని కీర్తించడమూ రెండూ ప్రమాదకరమే.

ముగింపు

వాంతి ఉపశమన గృహవైద్యానికి ఆధారం ద్రవ్యాల పట్టిక కంటె ముందు కారణ వివేచన. వెగటుకు వాసన, పైత్యానికి జీలకర్ర, శొంఠి, వేవిళ్లకు పులుపు, మితాహారం, గత్తరకు ఉప్పు కలిసిన నీరు. భాష ఈ నాలుగింటినీ వేరుగా ఉంచింది. ఒకదానికి తగిన ఉపాయాన్ని మరొకదానికి వాడినప్పుడే హాని జరుగుతుంది. విరేచనాలతో కూడిన వాంతులు, నీరు కూడా నిలవని వేవిళ్లు ఇంటి మందుకు లొంగేవి కావు. అవి వైద్యుని వద్దకు చేరవలసినవి. గృహవైద్య పదజాల సేకరణలో మందు పేరుతో పాటు అది ఏ వాంతికో, ఎంతవరకో కూడా నమోదు చేయడం అవసరం. ఆ వివరం జారిపోతే, భాష భద్రపరచిన వివేకం పోయి వట్టి చిట్కా మిగులుతుంది.