నేల ఉసిరి చేదు

శ్రీకాకుళం జిల్లాలో మా చిన్నతనంలో పచ్చకామెర్లు వస్తే గట్టు మీది నేల ఉసిరి పీకి, నూరి, మజ్జిగలో కలిపి ఇచ్చేవారు. ఆ నమ్మకంతోనే ఆమధ్య నా కళ్ళు పచ్చబడినప్పుడు నెల్లాళ్ళు దాని పొడి మింగాను. తీరా పరీక్ష చేయిస్తే పిత్తనాళంలో రాయి! అప్పుడు ఈ మొక్క సంగతి తెలుసుకోవాలనిపించింది.

చూస్తే, ఆ చరిత్ర మన ఆంధ్ర విశ్వవిద్యాలయానిదే. ఆచార్య టి.ఆర్. శేషాద్రి గారు 1946లో సహపరిశోధకునితో కలిసి దీని చేదు పదార్థమైన ఫిలాంథిన్ గురించి ప్రకటించారు. 1960లలో వాల్తేరులోనే ఆచార్య ఎల్. రామచంద్రరావు గారి బృందం దాని నిర్మాణాన్ని పరిశోధించింది.

తరువాత ప్రయోగశాలల్లో ఈ మొక్క సారం ఎలుకల కాలేయ కణాలను విషం నుంచి కాపాడింది. ఆక్సీకరణను అడ్డుకుంది. గాజుపాత్రలో పెంచిన క్యాన్సర్ కణాలనూ అణచింది. మనుషుల విషయంలో మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. 1988లో మద్రాసు పరిశోధకులు, నోబెల్ గ్రహీత బ్లంబర్గ్ కలిసి, ఈ జాతి మొక్క వాడిన 37 మంది హెపటైటిస్-బి వాహకులలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు పోయిందన్నారు. తరువాతి పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు. క్యాన్సర్‌ను నయం చేస్తుందనీ రుజువు కాలేదు.

మన పెద్దల వైద్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ మిత్రులారా, కళ్ళు పచ్చబడితే నాలాగా నెల్లాళ్ళు ఆగకండి. ముందు డాక్టరుకు చూపించుకోండి.