సంతకం వెంట నడిచిన మామూలు

1985కి ముందు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మండలాలు లేవు, తాలూకాలే. ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలను విడగొట్టి మండలాలు చేసింది ఆ ఏడాది. అయినా 1981 అని తేదీ వేసి, కింద గ్రామ పంచాయతీ పేరుతో పాటు ‘మండలం’ అన్న మాట కూడా ఉన్న గుండ్రటి ముద్ర కొట్టిన ఇంటి అనుమతి కాగితాలు నా బల్ల మీదికి చాలానే వచ్చాయి. రంగారెడ్డి జిల్లా పుట్టింది 1978లో. 1976 నాటి ‘రంగారెడ్డి జిల్లా’ కాగితం కూడా చూశాను. ఆ పంచాయతీల పేర్లు ఇప్పుడు చెప్పి ఏం లాభం? ముద్రలు చేయించినవాళ్లు మాత్రం తొందరలో ఉన్నారని తెలుస్తూనే ఉంది.

నేను ప్లాన్లు గీసేవాణ్ని. సూర్యాపేట దిక్కు నుంచి వచ్చి హైదరాబాద్ తూర్పు వైపు కొత్తపేటలో చిన్న గది తీసుకుని బల్ల వేసుకున్నాను. పండ్ల మార్కెట్ లారీల హారన్ల మధ్యే జీవితమంతా గడిచింది. ఆ మార్కెట్ 2021లో బాటసింగారం వెళ్లిపోయింది. మొదట్లో ట్రేసింగ్ పేపర్ మీద టీ-స్క్వేర్ ఆనించి, ఇంకు పెన్నుతో గీసి, అమ్మోనియా ప్రింటు తీయించేవాళ్లం. ప్రింటు తీసే గదిలో కళ్లు మండి నీళ్లు కారేవి. నిజంగా పాతదైన ప్రింటు మడతల దగ్గర తెల్లబడి, లోపలి వైపు రంగు నిలిచి ఉంటుంది. కొత్తగా తీసి ఎండలో ఆరేసిన దొంగ పాతది అంతటా ఒకేలా వెలుస్తుంది. అసలు తెలివి లేనివాళ్లయితే కంప్యూటర్ అక్షరాలతో గీసిన ప్లాన్ మీద 1983 అని వేసి తెచ్చేవాళ్లు.

అందరికీ 1985 లోపు తేదీయే ఎందుకు కావాలంటే, 2007 డిసెంబరు 31న వచ్చిన బిల్డింగ్ పీనలైజేషన్ స్కీము 1985 జనవరి 1 నుంచి 2007 డిసెంబరు 15 మధ్య కట్టిన ఇళ్లకు వర్తించింది. అంతకుముందే కట్టామని కాగితం ఉంటే జరిమానా గొడవే లేదు. 2015లో వచ్చిన క్రమబద్ధీకరణకూ మొదటి తేదీ అదే. అప్పటికి పదవి పోయి ఇరవై ఏళ్లు దాటిన సర్పంచుల సంతకాలకు మళ్లీ గిరాకీ వచ్చింది. ఒక మాజీ సర్పంచి గురించి ఆయన అల్లుడే నవ్వుతూ అన్నాడు: “మా మామకి పింఛన్ లేదన్నా, పెన్ను ఉంది.”

వెనక్కి వెళితే, ఈ తూర్పు వైపంతా ఊళ్లే. సరూర్‌నగర్, కర్మన్‌ఘాట్, చంపాపేట, లింగోజిగూడ, మన్సూరాబాద్, నాగోల్, సాహెబ్‌నగర్, హయత్‌నగర్. చెరువు కింద వరి, గట్టు మీద జొన్న. మన రాష్ట్రంలో పంచాయతీరాజ్‌ను నెహ్రూ ప్రారంభించింది 1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో. మా ప్రాంతానికి దూరమేం కాదు. ఊరి బాగు ఊరివాళ్ల చేతికి వస్తుందని చెప్పిన మాట అబద్ధం కాదు, రోడ్డూ బోరూ బడీ వచ్చాయి. కానీ విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు పక్కన భూమికి ధర వచ్చేసరికి ఆ చేతిలో ఇంకోటి కూడా ఉందని తేలింది. ఇంటి అనుమతి.

రూలు ఇలా ఉండేది. 1975లో హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ (హుడా) వచ్చాక, నగరం చుట్టూ లేఔట్ వేయాలంటే హుడా అనుమతి కావాలి. ఒక్కో ఇల్లు కట్టుకోవడానికి మాత్రం పంచాయతీ సంతకం చాలు. ఈ సందులోనే సగం ఎల్బీ నగర్ పుట్టింది. పొలం కొన్నాయన తెల్లకాగితం మీద గీతలు కొట్టించేవాడు. ముప్పై అడుగుల రోడ్లు, మధ్యలో ఆకుపచ్చ రంగు వేసి ‘పార్కు’. హుడా గుమ్మం తొక్కేవాడు కాదు. గజాల లెక్కన అమ్మేవాడు. కొన్న గుమాస్తా, టీచరు, ఆర్టీసీ కండక్టరు విడివిడిగా పంచాయతీకి వెళ్లి ఇంటి అనుమతి తెచ్చుకునేవాళ్లు. లేఔట్ ఎవరిచ్చారని అడిగే అధికారం ఉన్నవాడు ఆ గదిలో లేడు. అందరూ ఇల్లు కట్టుకున్నాక ఆకుపచ్చ రంగు కూడా ప్లాట్లయ్యేది. అందులో ఒకటి సంతకం పెట్టినాయన బంధువుల పేరు మీద ఉండటం నాకు వింతగా అనిపించని రోజులవి. రిజిస్ట్రేషన్ కాగితం తెచ్చి ప్లాన్ గీయమంటారు, హద్దులు చూస్తే ‘ఉత్తరం: పార్కు’ అని పక్క ప్లాటు దస్తావేజులో ఉంటుంది. ఆ పార్కులోనే ఇప్పుడు నేను పడకగది గీయాలి.

ఈ పార్కు ధర ఎవరు కట్టారో చెప్పకపోతే కథ సగమే. 2015 నాటి, 2020 నాటి లేఔట్ల క్రమబద్ధీకరణ (ఎల్‌ఆర్‌ఎస్) నిబంధనల్లో, లేఔట్‌లో పది శాతం ఖాళీ జాగ వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టాలి. పార్కు మింగిందొకరు, కట్టింది కొన్నవాడు. 2020 స్కీముకు వెయ్యి రూపాయల చొప్పున కట్టి రాష్ట్రమంతటా పాతిక లక్షల మందికి పైగా అర్జీలు పెట్టారు. ఆ పాతిక లక్షల అర్జీల వెనుక ఎన్ని సంతకాలున్నాయో లెక్క తీసినవాళ్లు లేరు. ఆ సంతకాలు పెట్టినందుకు ఎవరి మీదా కేసు పెట్టిన గుర్తు నాకు లేదు.

అయినా సర్పంచి మీద నాకు పూర్తిగా కోపం రాదు. పొద్దున టీ హోటల్లో దొరికేవాడు. “సర్పంచి సాబ్, మోరీ నిండింది” అంటే అక్కడే ఎవరినో పిలిచేవాడు. తింటాడని అందరికీ తెలుసు, ఎంత తింటాడో కూడా తెలుసు. తర్వాత వచ్చినవాళ్ల దగ్గర ఆ రెండో సంగతి తెలియకుండా పోయింది.

1980ల చివరికల్లా ఈ ఊళ్లను కలిపి మునిసిపాలిటీలు చేశారు. దిల్‌సుఖ్‌నగర్ వైపు గడ్డిఅన్నారం, ఇటు ఎల్బీ నగర్. మూసారాంబాగ్ దాటి వచ్చేవాళ్లకు హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ (ఎంసీహెచ్) ఎక్కడ ముగిసిందో రోడ్డు చూస్తే తెలిసేది. దిల్‌సుఖ్‌నగర్‌లో అప్పుడే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు లేస్తున్నాయి. రెండంతస్తులకు అనుమతి తీసుకుని నాలుగు వేయడం, పైన ‘పెంట్‌హౌస్’ పేరుతో ఇంకో పది మంచాలు వేయడం ఒక వ్యాపార పద్ధతి అయింది. ఇంటి చుట్టూ ఉండాల్సిన ఖాళీ (సెట్‌బ్యాక్) వదిలితే ఎన్ని మంచాలు తగ్గుతాయో లెక్క వేసి, ఆ లెక్కలోంచి మామూలు తీసేవాళ్లు.

1993 జూన్ 1న 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. అందులో పట్టణ సంస్థలకు అప్పగించదగినవని పన్నెండో షెడ్యూలులో 18 పనులు రాశారు. మొదటిది పట్టణ ప్రణాళిక. రెండోది భూమి వినియోగం, భవనాల నిర్మాణంపై నియంత్రణ. అంటే నా బల్ల మీద జరిగే పనే. డబ్బు పుట్టేవి ఈ రెండూ అయితే, మూడు లక్షలు దాటిన ఊళ్లలో వార్డు కమిటీలు పెట్టాలన్నది జనం కన్ను వేసి ఉంచేందుకు పెట్టిన నిబంధన. 1995లో రాష్ట్రమంతా మునిసిపల్ ఎన్నికలు జరిగాయి, కౌన్సిలర్లు వచ్చారు. వార్డు కమిటీలు రాలేదు. హైదరాబాద్‌లో అయితే 1991 తర్వాత 2002 దాకా ఎన్నికైన కౌన్సిలే లేదు, స్పెషలాఫీసర్ల పాలన.

ఆ కాలంలోనే పనులను ముక్కలు చేయడం చూశాను. ఒక గల్లీ రోడ్డును మూడు పనులుగా రాస్తే ఒక్కోటీ టెండరు హద్దుకు లోపల ఉంటుంది, నామినేషన్ మీద మనవాడికి ఇవ్వొచ్చు. అంచనాలకు మమ్మల్నే బొమ్మలు గీయమనేవాళ్లు. ఒకే గల్లీకి మూడు బొమ్మలు.

2007 ఏప్రిల్ 16న 12 మునిసిపాలిటీలు, 8 పంచాయతీలు ఎంసీహెచ్‌లో కలిసి జీహెచ్‌ఎంసీ అయ్యింది. ఎల్బీ నగర్, గడ్డిఅన్నారం మునిసిపాలిటీలు మాసిపోయాయి. పెద్ద సంస్థ అయితే కింది చేతివాటం తగ్గుతుందని మా కొత్తపేట చౌరస్తాలో చాలామంది నమ్మారు. 2009 నవంబరు దాకా ఎన్నికలే లేవు. వచ్చాక చూస్తే కార్పొరేటరుకు ఏ కాగితం మీదా సంతకం లేదు. అనుమతి టౌన్ ప్లానింగ్ వాళ్లది, పన్ను బిల్ కలెక్టరుది, రోడ్డు ఇంజినీరుది. పెద్ద మొత్తాలు కమిషనరు, స్టాండింగ్ కమిటీ దగ్గర. తెలంగాణ వచ్చాక పెంచితే గౌరవ వేతనం నెలకు 6,000 రూపాయలు అయ్యింది. ఎన్నికల్లో లక్షలు ఖర్చుపెట్టినాయన ఆరువేలతో, సంతకం లేకుండా ఏం చేస్తాడు? ఫిర్యాదు చేయగలడు. ఆ ఫిర్యాదు చేయకుండా ఉండటమే ఆయన దగ్గరున్న సరుకు.

స్లాబు రోజు చూడాలి ఈ సంగతి. తెల్లారి నాలుగింటికి మిక్సర్ చప్పుడు మొదలవుతుంది. తొమ్మిది కాకముందే ఇద్దరు కుర్రాళ్లు బండి మీద వస్తారు. దిగరు. “అన్న చూసి రమ్మన్నడు” అంటారు. మేస్త్రీ ఓనరుకు ఫోన్ చేస్తాడు. ఆ తర్వాత చైన్‌మన్. పేరుకు అతని పని జాగ కొలిచేటప్పుడు గొలుసు పట్టుకోవడం. నిజానికి ఏ గల్లీలో ఇసుక దిగిందో, ఎక్కడ బోరు బండి ఆగిందో మొదట తెలిసేది అతనికే. టౌన్ ప్లానింగ్‌లో పై అధికారి బదిలీ అవుతాడు, చైన్‌మన్ ఉంటాడు. ఇల్లు కట్టేవాడు స్లాబు ఆపలేడు, కాంక్రీటు గట్టిపడుతుంది. బేరం ఆ గంటలో జరగాలని అందరికీ తెలుసు.

నిబంధనలు గట్టివే. 2006లో వచ్చిన జీవో 86 నుంచి, కట్టబోయే విస్తీర్ణంలో పది శాతం మునిసిపాలిటీకి తనఖా పెట్టాలి. ప్లాన్ ప్రకారం కట్టి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే విడుదల. దానివల్ల కొందరు నిజంగానే సెట్‌బ్యాక్ వదిలారు. మిగతావాళ్లు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ జోలికి వెళ్లకుండానే గృహప్రవేశం చేసి, పన్ను నంబరు తీసుకుని, కరెంటు మీటరు పెట్టించుకున్నారు. 2020 నవంబరులో ఆన్‌లైన్ అనుమతుల పద్ధతి టీఎస్-బీపాస్ వచ్చింది. 75 గజాల లోపు ఒక్క రూపాయితో నమోదు, 500 చదరపు మీటర్ల దాకా సొంత ధ్రువీకరణతో వెంటనే అనుమతి. నా దగ్గర ఫైళ్ల వెంట తిరిగే పని నిజంగా తగ్గింది, ఒప్పుకోవాలి. అనుమతికి ముందు తీసుకునేది పోయింది. పునాది తవ్వాక తీసుకునేది పెరిగింది.

ఈ ప్రాంతం ఇవన్నీ చూస్తూ ఊరుకుందనుకుంటే పొరపాటు. 2020 అక్టోబరు 13 రాత్రి హయత్‌నగర్ వైపు 30 సెంటీమీటర్లకు దగ్గరగా వాన పడింది. సరూర్‌నగర్ చెరువు కింద కాలనీల్లో పడవలు తిరిగాయి. నాలాల మీద ఇళ్లు ఎవరి అనుమతితో లేచాయో ఆ నీళ్లలో నిలబడ్డ ప్రతివాడికీ తెలుసు. ప్రభుత్వం 550 కోట్లు ప్రకటించి, ఇంటికి 10,000 రూపాయల చొప్పున చేతికే నగదు ఇవ్వడం మొదలుపెట్టింది. బ్యాంకులో వేయలేదు, రసీదుకు ఫోటో తీసుకున్నారు. సగం చేతిలో పెట్టి సగం పట్టుకుపోయారని, మునగని ఇళ్లకు ఇచ్చారని నగరమంతా ఆడవాళ్లు రోడ్డెక్కారు. తర్వాత మీసేవలో దరఖాస్తు పెట్టుకోమన్నారు, క్యూలు కట్టారు. జీహెచ్‌ఎంసీ ఎన్నికలు రావడంతో నవంబరు 18న ఎన్నికల సంఘం పంపిణీ ఆపించింది. డిసెంబరు 1న పోలింగ్. ఎల్బీ నగర్ నియోజకవర్గంలోని 11 డివిజన్లలో అప్పటి అధికార పార్టీకి ఒక్కటీ రాలేదు, అన్నీ బీజేపీ గెలిచింది. పెద్ద రాజకీయాల గాలి కూడా ఉంది, కాదనను. కానీ మా గల్లీలో ఓటుకు వెళ్తూ మాట్లాడుకున్నది ఆ పదివేల గురించే. మనుషులు మారారు. స్లాబు రోజున బండి మీద కుర్రాళ్లు రావడం ఆగలేదు.

అధికారం కిందికి దించితే అవినీతి కూడా దిగుతుందని చదువుకున్నవాళ్లు అంటుంటారు. ఇండోనేషియాలో 2001లో జిల్లాలకు ఒక్కసారిగా అధికారాలిచ్చాక అక్కడి జిల్లా అధిపతులు వరసగా జైలుకు పోవడాన్ని ఉదాహరణగా చెబుతారు. నాకు ఆ వాదన సగమే ఒప్పు. మన దగ్గర దిగింది సంతకం. లెక్కల పుస్తకం దిగలేదు. అది దిగితే ఏమవుతుందో అప్పటి ఉమ్మడి రాష్ట్రమే పల్లెల్లో చేసి చూపించింది. 2006 నుంచి ఉపాధి హామీలో సామాజిక తనిఖీలు పెట్టి, మస్టర్ రోల్ తీసుకుని ఇంటింటికీ వెళ్లి, చివరికి ఊరందరి ముందు చదివేవాళ్లు. చచ్చిపోయినవాళ్ల పేరు మీద కూలి తీసుకున్న సంగతి ఆ సభల్లోనే బయటపడేది. దేశమంతా వచ్చి చూసి వెళ్లిన పద్ధతి అది. ఎల్బీ నగర్ అప్పటికే పల్లె కాకుండా పోయింది కాబట్టి మాకు ఆ సభ లేదు. వార్డు కమిటీలు, ఏరియా సభలు చట్టంలోకి వచ్చినా, పేర్లు పైనుంచి నింపేసరికి పార్టీ కార్యకర్తలకు ఒక విజిటింగ్ కార్డు మిగిలింది. 2023 జూన్‌లో అప్పటి జీహెచ్‌ఎంసీ 150 వార్డుల్లోనూ వార్డు ఆఫీసులు తెరిచారు. కుర్చీలు దగ్గరికొచ్చాయి, మంచిదే. రోడ్డు కొలతల పుస్తకం మాత్రం ఆ గదుల్లో ఉండదు.

ఆ పుస్తకాన్ని మేం ఎం-బుక్ అంటాం. మా కాలనీ సంఘం కార్యదర్శి, రిటైరైన లెక్కల మాస్టారు, సమాచార హక్కు కింద మా గల్లీ సీసీ రోడ్డు ఎం-బుక్ నకలు తెప్పించారు. “నువ్వు ప్లాన్లు గీసినోడివి గదా తమ్ముడూ, జర చదివి చెప్పు” అని నా ముందు పెట్టారు. పొడవు, వెడల్పు, మందం, అన్నిటికీ వరుసగా అంకెలు, పక్కన సంతకాలు. టేపు తీసుకుని ఇద్దరం గల్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాం. మందం చూడ్డానికి నీళ్ల పైపు కోసం తవ్విన చోట వంగి కొలిచాం. పుస్తకంలో 210 మీటర్లు. గల్లీ 160 దగ్గరే అయిపోయింది, ఆపైన గోడ. మాస్టారు అప్పీలు రాసి పంపారు. కొలత మళ్లీ వేస్తామని జవాబు వచ్చింది, తేదీ వేయలేదు.