తిరువయ్యారు ఆరాధన: ఒక సంగీతసమాజము పెరిగిన తెఱగు

ఏ కళయైనను మొదట కొలదిమంది యాదరమున బ్రతుకును. ఆ కొలదిమంది యొకరినొకరు ఎఱుగుదురు. వారికి నియమావళి యక్కఱలేదు, చందాపుస్తకమును అక్కఱలేదు. సంఖ్య పెరిగినకొలది సొత్తు ఏర్పడును. సొత్తు వెంట అధికారమును, అధికారము వెంట పక్షములును వచ్చును. జనము పెరుగుటయే సమాజము విశాలమగుట యని మనము సాధారణముగా తలంతుము. ఆ రెండును వేఱని చూపుటకు తిరువయ్యారులోని త్యాగరాజారాధన చరిత్రకంటె మంచి నిదర్శనము మాకు కానరాదు.

త్యాగరాజస్వామి 1847వ సంవత్సరము జనవరి 6వ తేదీని, పుష్య బహుళ పంచమినాడు, కావేరీతీరమున సిద్ధిపొందెను. ఆయన అంతకు ముందే సన్న్యాసము స్వీకరించియుండుటచే దేహమును అచ్చటనే సమాధి చేసిరి. శిష్యులు వాలాజాపేట, ఉమయాళ్పురము, తిల్లస్థానము మున్నగు ఊళ్లలో ఎవరి యింట వారే ఆ తిథిని జరుపుకొనుచుండిరి. పాట గురుముఖమునుండి శిష్యుని చెవికి పోవుచుండెను. వాలాజాపేట పరంపరవారి వ్రాతప్రతులు మధురలోని సౌరాష్ట్రసభకు చేరినవి. మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారి శాఖ సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారి మూలమున పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారికి సంక్రమించి, కృష్ణాతీరమున వేళ్లూనినది. ఇట్లు చిన్నచిన్న గుంపులు సంగీతమును చక్కగా కాపాడినవి. సమాధిని మాత్రము కాపాడినవారు లేకపోయిరి. అందఱిదియైనది ఎవరిదియు గాక పాడుపడెను.

1903 ప్రాంతమున, అప్పటికి వృద్ధులైన ప్రత్యక్షశిష్యులు ఉమయాళ్పురము కృష్ణభాగవతారును, సుందరభాగవతారును అచ్చటికి పోయి, శిథిలమైన సమాధిని బాగుచేయించిరి. కొలది యేండ్లలోనే సమాధికడ ఆరాధన క్రమముగా జరుగసాగెను. తిల్లస్థానము నరసింహభాగవతారును, ఆయన సోదరుడు పంజుభాగవతారును ఆ భారము వహించిరి. గాయకులు వచ్చిరి, వైణికులు వచ్చిరి, ధనమును వచ్చెను. అంతట ఎవరు నడపవలె నన్న ప్రశ్నయు పుట్టెను.

సోదరుల నడుమ పుట్టిన భేదము విద్వాంసులను రెండుగా చీల్చెను. ఒకటి చిన్న కట్చి, రెండవది పెరియ కట్చి. అనగా చిన్నపక్షము, పెద్దపక్షము. ఒక పక్షమువారు ఉత్సవమును ముందుగా ఆరంభించి పంచమినాటికి ముగించుచుండిరి. రెండవవారు పంచమినాడు ఆరంభించి తరువాతి దినములు జరుపుచుండిరి. పాడునవి ఆ మహానుభావుని కృతులే. మ్రొక్కునది ఆ సమాధికే. అన్నిట భేదించిన యీ పక్షములు ఒక్క విషయమున మాత్రము ఏకీభవించినవి. స్త్రీలు అచ్చట పాడరాదనుటయే ఆ విషయము. నాడు సభలో పాడు స్త్రీలలో పెక్కండ్రు దేవదాసీకులమునుండి వచ్చినవారు. వారి విద్యను మెచ్చుకొనిన పెద్దమనుష్యులే వారి ప్రక్కన కూర్చుండుటకు సంకోచించిరి.

బెంగుళూరు నాగరత్నమ్మగారు అట్టి కులమున 1878లో జన్మించిన విదుషీమణి. ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును 1910లో అచ్చువేయించి ప్రభుత్వనిషేధమునకు గుఱియైన ధీరురాలు. ఆ నిషేధము 1947లో గాని తొలగలేదు. ఆమె తన సంపాదనను వెచ్చించి, సమాధికడ గుడి కట్టించి, స్వామివిగ్రహమును నిలిపెను. 1926లో ప్రతిష్ఠ జరిగెను. పక్షములవారు గుడికి అడ్డుచెప్పలేదు. కట్టించిన స్త్రీ పాటకు మాత్రము అడ్డుచెప్పిరి! ఆమె అలిగి మరలిపోలేదు. తోడి స్త్రీలను కూర్చుకొని, గుడి వెనుక భాగమున హరికథలతోను గానముతోను వేఱుగా ఆరాధన ప్రారంభించెను. ఇట్లు మూడవపక్ష మేర్పడెను. మొదటి రెండును అధికారముకొఱకు చీలినవి. ఇది ప్రవేశముకొఱకు పుట్టినది. ఈ భేదమును చరిత్ర చదువువారు మఱువరాదు.

1940-41 నాటికి యస్. వై. కృష్ణస్వామిగారు, ముసిరి సుబ్రహ్మణ్యయ్యరుగారు మున్నగువారి కృషివలన మూడు పక్షములును ఏకమయ్యెను. స్త్రీలకు పాడు హక్కు లభించెను. హరికేశనల్లూరు ముత్తయ్యభాగవతారుగారి సూచననుబట్టి నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అను ఘనరాగములలోని పంచరత్నకృతులను అందఱును కలిసి పాడు ఆచారము స్థిరపడెను. ఈ యెన్నికలోని వివేకమును గమనింపుడు. కచ్చేరీలో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న తగవు తప్పదు. బృందగానమున ముందును లేదు, వెనుకయు లేదు. పైగా ఈ కృతులలో స్వరములకు సాహిత్యము ముందే కూర్చబడియున్నది కావున ఎవరికి వారు కల్పన చేయ నవకాశము స్వల్పము. నలుగురు కలిసి నడచుటకు తగిన బాట యిది.

అయినను ఈ బాటకు సుంకము లేకపోలేదు. స్త్రీపురుషుల శ్రుతులు వేఱగుటచే ఒకరైనను సర్దుకొనక తప్పదు. నేడు దొరకు ఏడువందల కృతులలో ఈ యయిదే లోకమునకు గుర్తులైనవి. నాటకృతి సంస్కృతము; తక్కిన నాలుగును తెనుగు. కాని పాడువారిలో పెక్కండ్రకు తెనుగు రాదు. తాళము తప్పని గొంతులలో మాట విఱుగుచుండును. 1978లో అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున మొదలైన త్యాగరాజోత్సవమువరకును ఈ యాచారము వ్యాపించినది. దూరము పెరిగినకొలది అర్థము పలుచబడుట సహజము.

ఇందుకు పరిహారము తలుపులు మూయుట కాదు. చిన్న గుంపుల నాటి శ్రద్ధను పెద్దసభకు తెచ్చుటయే పరిహారము. ఆ పని తెనుగు గృహములకు చెందును. మన బాలబాలికలకు రాగముతోపాటు పదవిభాగమును, తాత్పర్యమును నేర్పుదుమేని, మాట తెలియని పొరుగువారికి వారే చెప్పగలరు.

నాగరత్నమ్మగారు 1952లో పరమపదించిరి. ఆమె సమాధి స్వామి సమాధి కెదురుగా నున్నది. లోనికి రానీయబడని యామెయే అందఱికిని ఇల్లు కట్టెను. ఒక సమాజము ఎంత పెరిగినదో తెలిసికొనుటకు వచ్చినవారిని లెక్కించిన చాలదు. వాకిట నిలిపివేయబడినవారు ఎందఱో అదియు అడుగవలెను.